ఆస్తి పదం – అనువాద ధర్మం: కెనడా ఆంగ్ల, ఫ్రెంచి న్యాయభాషల నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రవేశిక

అనువాదాన్ని గురించిన చర్చ తెలుగులో ఎక్కువగా సాహిత్యం చుట్టూ సాగింది. మూలవిధేయత ముఖ్యమా, లక్ష్యభాషలోని సహజత ముఖ్యమా అన్న ప్రశ్నను కావ్యం, నవల, నాటకం ఆధారంగా పరిశీలించడం పరిపాటి. సాహిత్యానువాదంలో పొరపాటు జరిగితే రసభంగం కలుగుతుంది. న్యాయానువాదంలో పొరపాటు జరిగితే ఒక కుటుంబం ఇల్లు కోల్పోవచ్చు. ఈ తేడా ఫలితానికి మాత్రమే సంబంధించినది కాదు. అనువాదకుడి బాధ్యత స్వరూపమే ఇక్కడ మారిపోతుంది.

ఆంగ్ల కామన్ లా సంప్రదాయానికి చెందిన ఆస్తి పదాలను ఫ్రెంచిలోకి తేవడానికి కెనడాలో జరిగిన ప్రయత్నం ఈ బాధ్యతను పరిశీలించడానికి అరుదైన ఆధారం. అక్కడి అనువాదకులు ఎదుర్కొన్న చిక్కును ఇలా చెప్పవచ్చు: పాఠకుడికి బాగా తెలిసిన మాట వాడితే అతను పొరపడతాడు, పొరపాటుకు తావివ్వని మాట వాడితే అతనికి అర్థం కాదు. ఈ రెండింటిలో ఏది ధర్మం? పైకి ఇది పదకోశ నిర్మాణానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. లోతుకు వెళితే ఇది నైతిక ప్రశ్న. తన నేల మీద తనకున్న హక్కేమిటో తన భాషలో తెలుసుకునే అర్హత మనిషికి ఉందా, ఉంటే దాన్ని తీర్చే భారం ఎవరిది అన్నదే దాని సారం. ఆ సారాన్ని కొన్ని పదాల చరిత్ర ఆధారంగా విచారించడం ఈ వ్యాస లక్ష్యం.

1. మాటలో మాత్రమే ఉండే వస్తువు

చెట్టుకు పేరు పెట్టకపోయినా చెట్టు ఉంటుంది. ఒక భాషలో ఒక పేరు, మరో భాషలో మరో పేరు ఉన్నా వేలు చూపి ఇదే అది అనవచ్చు. ఆస్తిహక్కు అటువంటిది కాదు. పొలం కంటికి కనిపిస్తుంది, గట్టు కనిపిస్తుంది, పైరు కనిపిస్తుంది. పొలం మీది హక్కు మాత్రం కనిపించదు. అది మాటతో ఏర్పడి, మాటతో చేతులు మారి, మాటతోనే రద్దవుతుంది. కాబట్టి ఆస్తి పదాన్ని అనువదించేవాడికి వేలుచూపే సౌకర్యం లేదు. తాను ఎంచుకున్న మాట పాఠకుడి మనసులో ఏ హక్కును నిలబెడితే, వ్యవహారంలో ఆ హక్కే ఉన్నట్టు చలామణి అయ్యే ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదం ఆంగ్ల, ఫ్రెంచి భాషల మధ్య మరీ ఎక్కువ. అందుకు కారణం ఆ భాషల వెనుక ఉన్న న్యాయ సంప్రదాయాలు. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ స్వామ్యాన్ని ఒక అఖండమైన హక్కుగా నిర్వచించింది. వస్తువు ఉంది, దానికి యజమాని ఉన్నాడు. అనుభవించడం, పారవేయడం రెండూ అతని చేతిలోనే ఉంటాయి. ఇతరులకు ఆ వస్తువు మీద ఏదైనా హక్కు ఉంటే అది పరుల సొత్తు మీది హక్కు మాత్రమే. కామన్ లా దృష్టి వేరు. అక్కడ నేలకు అంతిమ స్వామిత్వం రాచరికానిది. మిగిలినవారు దాన్ని పట్టుకొని ఉంటారు. 'టెనెంట్' అన్న మాటకు ధాత్వర్థం కూడా అదే: పట్టుకొన్నవాడు. వ్యక్తికి చెందేది నేల కాదు, నేలలోని 'ఎస్టేట్'. ఆ ఎస్టేట్‌ను కొలిచేది ఎకరాలతో కాదు, కాలంతో. వారసులున్నంత కాలం సాగేది ఒకటి, మనిషి బతికున్నంత కాలం సాగేది మరొకటి. ఒకే నేల మీద ఇటువంటివి ఏకకాలంలో ఒకటికి మించి ఉండవచ్చు.

ఒక సంప్రదాయం వస్తువును చూసి యజమాని ఎవరని అడుగుతుంది. మరొకటి కాలాన్ని చూసి ఎంతవరకు అని అడుగుతుంది. ప్రశ్నలే వేరైనప్పుడు జవాబులకు సమానార్థకాలు వెతకడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

2. పుట్టిల్లు మరచిన పదాలు

ఈ కథలో ఒక విచిత్రం ఉంది. ఫ్రెంచిలోకి అనువదించవలసి వచ్చిన ఆంగ్ల ఆస్తి పదాల్లో చాలావాటి పుట్టిల్లు ఫ్రెంచే. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత పాలకవర్గపు భాష ఫ్రెంచి అయింది. క్రమంగా న్యాయస్థానాల్లో 'లా ఫ్రెంచ్' అనే ప్రత్యేక న్యాయభాష స్థిరపడింది. ఎస్టేట్, ఫీ, టెనెంట్, లీజ్, లియెన్, ఈజ్‌మెంట్, మార్టిగేజ్ వంటి మాటలన్నీ ఆ దారిలో వచ్చినవే. 15వ శతాబ్దంలో లిటిల్టన్ భూహక్కుల మీద రాసిన ప్రామాణిక గ్రంథం లా ఫ్రెంచ్‌లోనే ఉంది. 1628లో కోక్ దానికి ఆంగ్ల వ్యాఖ్య రాశాడు.

ఈ భాష సామాన్యుడికి అర్థం కాదన్న ఫిర్యాదు కూడా పాతదే. న్యాయస్థానాల్లో వాదనలు ఆంగ్లంలో సాగాలని 1362లోనే శాసనం వచ్చింది. ఫ్రెంచి ప్రజలకు తెలియని భాష అన్నది అందులో చూపిన కారణం. ఆ శాసనాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే. ఆ తరువాత కూడా న్యాయవాదుల రాతల్లో లా ఫ్రెంచ్ శతాబ్దాల పాటు మిగిలింది. 1733 నుంచి అమలైన చట్టంతో గాని న్యాయస్థాన వ్యవహారాల్లో ఆంగ్లం పూర్తిగా నిలదొక్కుకోలేదు. అప్పటికే ఫ్రెంచి మాటలు ఆంగ్ల ఉచ్చారణను, ఆంగ్లార్థాన్ని సంతరించుకొని ఆ భాషలో కలిసిపోయాయి.

తరాల కిందట మెట్టినింటికి వెళ్లిన ఆడపడుచు సంతతి తిరిగి పుట్టింటి గడప తొక్కితే ముఖకవళికలు గుర్తుపట్టేలా ఉంటాయి గాని, మాట, నడత వేరుగా ఉంటాయి. ఈ పదాల స్థితి అదే. ఒక పదం మొదట ఏ భాషది అన్న ప్రశ్నకు న్యాయానువాదంలో విలువ పరిమితం. వ్యుత్పత్తి దారి చూపుతుంది, కానీ గమ్యానికి హామీ ఇవ్వదు.

3. ఒక దేశం, రెండు న్యాయాలు, రెండు భాషలు

1774 నాటి క్యూబెక్ చట్టం ఆస్తి, పౌర హక్కుల విషయంలో అక్కడి ఫ్రెంచి న్యాయాన్ని తిరిగి నిలబెట్టింది. అందువల్ల కెనడాలో క్యూబెక్ సివిల్ కోడ్ సంప్రదాయంలోను, మిగిలిన రాష్ట్రాలు కామన్ లా సంప్రదాయంలోను కొనసాగుతున్నాయి. ఇక్కడ సివిల్ కోడ్ సంప్రదాయం అంటే భారతీయ వాడుకలో క్రిమినల్‌కు భిన్నంగా చెప్పే సివిల్ అని కాదు. రోమన్ న్యాయం నుంచి వచ్చిన స్మృతిబద్ధ న్యాయం.

అయితే భాషల సరిహద్దు, న్యాయాల సరిహద్దు ఒకటి కావు. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో సుమారు మూడో వంతు జనం ఫ్రెంచి మాట్లాడేవారు. వారిలో ఎక్కువమంది అకాడియన్లు. 1755లో మొదలైన బహిష్కరణలో బ్రిటిష్ పాలకులు తమ నేలల నుంచి వెళ్లగొట్టిన సమాజం అది. తిరిగి వచ్చి స్థిరపడినవారు కామన్ లా కిందే భూములు కొన్నారు, అమ్మారు, పిల్లలకు పంచారు. ఆ న్యాయం ఆంగ్లంలోనే మాట్లాడింది. ఇంట్లో ఒక భాష, దస్తావేజులో మరో భాష. నేల పోగొట్టుకున్న జ్ఞాపకమున్న సమాజానికి దస్తావేజు భాష అన్నది వట్టి సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు.

1969లో న్యూ బ్రన్స్‌విక్ అధికార భాషల చట్టం చేసింది. 1978లో మాంక్టన్ విశ్వవిద్యాలయంలో కామన్ లాను ఫ్రెంచిలో బోధించే న్యాయ కళాశాల మొదలైంది. మరుసటి ఏడు అక్కడే న్యాయానువాద, పరిభాషా కేంద్రం ఏర్పడింది. 1980ల నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సహకారంతో కామన్ లా ఫ్రెంచి పదాల ప్రామాణీకరణ సాగింది. ఆస్తి న్యాయం అందులోని తొలి రంగాల్లో ఒకటి. 1982 నాటి హక్కుల పత్రం కెనడా పార్లమెంటు చట్టాల రెండు భాషా పాఠాలకూ సమాన ప్రామాణికత ఇచ్చింది. న్యూ బ్రన్స్‌విక్ చట్టాలకూ అదే వర్తించింది.

సమాన ప్రామాణికత అనువాద సిద్ధాంతానికే సవాలు. 1813లో ష్లైర్‌మాకర్ అనువాదకుడికి రెండు దారులు చూపాడు: పాఠకుణ్ణి రచయిత దగ్గరికి తీసుకుపోవడం, లేదా రచయితను పాఠకుడి దగ్గరికి తేవడం. ఈ రెండింటికీ మూలం ఒక చోట, పాఠకుడు మరో చోట ఉండాలి. రెండు పాఠాలూ మూలాలే అయినప్పుడు ఎవరు ఎవరి దగ్గరికి పోవాలి? ఒక పాఠంలోని లోపాన్ని 'అది అనువాదం మాత్రమే' అని తోసిపుచ్చే వీలు న్యాయమూర్తికి లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఉమ్మడి అర్థం వెతకవలసి ఉంటుంది. అంటే ఫ్రెంచి మాటలోని పొరపాటు ఆంగ్ల పాఠకుడి హక్కును కూడా మార్చగలదు. అనువాదకుడు ఇక్కడ శాసనకర్తకు తోడు నిలిచినవాడు అవుతాడు.

4. నాలుగు పదాలు, నాలుగు చిక్కులు

మొదటిది 'ఫీ సింపుల్'. నేల మీద వ్యక్తికి ఉండగల అత్యంత విస్తృతమైన ఎస్టేట్ ఇది. లోకవ్యవహారంలో దీన్ని పొందినవాణ్ణి యజమాని అనే అంటారు. కాబట్టి ఫ్రెంచిలో స్వామ్యానికి వాడే 'ప్రొప్రియెతే' అన్న మాటతో సరిపెట్టవచ్చు గదా అనిపిస్తుంది. పదప్రామాణీకరణలో మాత్రం 'ఫియెఫ్ సేంప్ల్' అన్న రూపం, ఎస్టేట్‌కు 'దొమేన్' అన్న రూపం స్థిరపడ్డాయి. ఇది సులభమైన నిర్ణయం కాదు. 'ఫియెఫ్' అన్న మాట ఫ్రెంచి చెవికి ఫ్యూడల్ వాసన వేస్తుంది. 1789 ఆగస్టు 4 రాత్రి ఫ్రాన్సు జాతీయ సభ రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది ఆ వ్యవస్థనే. క్యూబెక్ ప్రాంతంలో దొరల భూస్వామ్యం 1854లో రద్దయింది. తమ చరిత్ర పాతిపెట్టిన మాటను తమ ఇంటి దస్తావేజులో చూసుకోవడం ఫ్రెంచి పాఠకుడికి వింతగానే ఉంటుంది. అయినా ఆ వింత నిజాన్ని చెబుతుంది. కామన్ లాలో నేల మీది హక్కు సిద్ధాంతరీత్యా ఇప్పటికీ రాచరికం కింద పట్టుకొన్నదే. 'ప్రొప్రియెతే' అని రాస్తే ఆ సంగతి మరుగున పడుతుంది.

రెండోది 'లైఫ్ ఎస్టేట్'. న్యూ బ్రన్స్‌విక్‌లో ఒక వ్యక్తి తన ఇంటిని భార్యకు ఆమె జీవితకాలం వరకు, ఆ తరువాత పిల్లలకు చెందేలా వీలునామా రాశాడనుకుందాం. సివిల్ కోడ్ చదివినవారికి వెంటనే 'యుజ్యుఫ్రుయి' గుర్తుకొస్తుంది. ఒకరి సొత్తు ఫలాన్ని మరొకరు అనుభవించే హక్కు అది. ఆ మాట వాడితే పిల్లలు ఇప్పుడే యజమానులని, తల్లికి ఉన్నది పిల్లల సొత్తు మీది అనుభవహక్కు మాత్రమేనని అర్థం వస్తుంది. కామన్ లా అలా అనదు. తల్లికి తనదైన ఎస్టేట్ ఉంది. పిల్లలకూ తమదైన ఎస్టేట్ ఉంది, కాకపోతే స్వాధీనానికి రావలసిన కాలం ఇంకా రాలేదు. యజమాని ఎవరు అన్న ప్రశ్నకు అక్కడ ఒకే పేరుతో జవాబు చెప్పలేము. అందుకే 'దొమేన్ వియాజే' అన్న కొత్త కూర్పు అవసరమైంది. భర్త పోయిన స్త్రీ తన ఇంట్లో తనదైన హక్కుతో ఉందా, పిల్లల ఇంట్లో ఉందా అన్న భేదం ఒక్క మాట ఎంపికలో ఇమిడి ఉంది. ఆమె గౌరవం కూడా అందులోనే ఉంది.

మూడోది 'మార్టిగేజ్'. దీని అవయవార్థం మృతమైన కుదువ. అప్పు తీరకపోతే నేల రుణగ్రహీత పాలిట చచ్చినట్టు, తీరితే కుదువ రుణదాత పాలిట చచ్చినట్టు అన్న వివరణ లిటిల్టన్, కోక్‌ల సంప్రదాయంలో ఉంది. సంప్రదాయ కామన్ లాలో కుదువ పెట్టినవాడు హక్కునే రుణదాతకు బదలాయిస్తాడు. అప్పు తీర్చి విడిపించుకొనే హక్కు అతనికి ఈక్విటీ న్యాయం ఇచ్చింది. ఫ్రెంచి 'ఇపోతెక్'‌లో హక్కు చేతులు మారదు. రుణదాతకు ఆ ఆస్తి మీద భారం మాత్రమే ఏర్పడుతుంది. అయినా కామన్ లా ఫ్రెంచిలో 'ఇపోతెక్' అన్న మాటే నిలిచింది. పైన చెప్పిన రెండు పదాల్లో వింతను ఎంచుకున్న సంప్రదాయం ఇక్కడ పరిచయాన్ని ఎంచుకుంది. ఇది అసంగతం అనిపించవచ్చు. కానీ 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టారెన్స్ నమోదు పద్ధతి కెనడాలోని చాలా ప్రాంతాలకు పాకింది. ఆ పద్ధతిలో మార్టిగేజ్ కూడా హక్కు బదలాయింపు కాదు, భారమే. సరిపడని అనువాదం ఉన్నచోటే ఉంది. న్యాయమే మారి దాని దగ్గరికి వచ్చింది. అనువాదపు యథార్థత కాలాతీతం కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

నాలుగోది 'ట్రస్ట్'. కామన్ లా దేశాల్లో ట్రస్టు ఆస్తి హక్కు రెండుగా చీలి ఉంటుంది: చట్టరీత్యా ట్రస్టీది, ఈక్విటీ రీత్యా లబ్ధిదారుది. స్వామ్యం అఖండం అనే సంప్రదాయానికి ఈ చీలిక మింగుడుపడదు. 1994లో అమల్లోకి వచ్చిన క్యూబెక్ సివిల్ కోడ్ ట్రస్టును స్వీకరించింది గాని చీలికను స్వీకరించలేదు. ట్రస్టు ఆస్తి ఒక ప్రయోజనానికి అంకితమైన ప్రత్యేక నిధి. అందులో స్థాపకుడికి, ట్రస్టీకి, లబ్ధిదారుకు ఎవరికీ వస్తుహక్కు లేదు. ఫ్రెంచిలో దానికీ 'ఫిదుసీ' అనే పేరు, కామన్ లా ట్రస్టుకూ 'ఫిదుసీ' అనే పేరు. ఒకే దేశంలో, ఒకే భాషలో, ఒకే మాట రెండు వేర్వేరు హక్కు స్వరూపాలను మోస్తోంది. కొత్త మాట పుట్టించకపోవడం వల్ల వచ్చే చిక్కుకు ఇది నిదర్శనం.

5. మరచిపోయిన ఇద్దరు పాఠకులు

సమాన ప్రామాణికత రాజ్యాంగబద్ధమైనంత మాత్రాన అందరికీ సమాన న్యాయం జరగలేదు. కెనడా కేంద్ర చట్టాల్లో చాలాకాలం ఆంగ్ల పాఠం 'రియల్ ప్రాపర్టీ' అనేది. ఫ్రెంచి పాఠం కదలని ఆస్తి అనే అర్థంలో 'ఇమ్మెబ్ల్' అనేది. తెలుగువారికి రెండూ స్థిరాస్తే అనిపిస్తుంది. కానీ 'రియల్' అన్న విశేషణం వస్తువు కదలకపోవడాన్ని చెప్పదు. దావా వేసి నష్టపరిహారం గాక వస్తువునే తిరిగి పొందగల హక్కు అన్నది దాని చారిత్రక అర్థం. అందుకే నేల మీది లీజును కామన్ లా సంప్రదాయం వ్యక్తిగత ఆస్తిగానే లెక్కించింది. ఒక మాట వస్తువు స్వభావాన్ని బట్టి విభజిస్తే, మరొకటి న్యాయస్థానంలో దొరికే పరిహారాన్ని బట్టి విభజించింది.

ఫలితంగా ఆంగ్ల పాఠం కామన్ లా పాఠకుడితో, ఫ్రెంచి పాఠం సివిల్ కోడ్ పాఠకుడితో మాట్లాడాయి. న్యూ బ్రన్స్‌విక్ ఫ్రెంచి పాఠకుడికి తన భాష దొరికింది గాని తన న్యాయం దొరకలేదు. క్యూబెక్ ఆంగ్ల పాఠకుడిదీ అదే స్థితి. 2001 నాటి సమన్వయ చట్టం ఈ ఇద్దరినీ గుర్తించింది. ఆంగ్లంలో 'రియల్ ప్రాపర్టీ' పక్కన 'ఇమ్మూవబుల్' అనీ, ఫ్రెంచిలో 'ఇమ్మెబ్ల్' పక్కన 'బియేఁ రెయెల్' అనీ జంటపదాలు వాడే పద్ధతి స్థిరపడింది. కేంద్ర ప్రభుత్వ భూములకు సంబంధించిన చట్టం పేరులోనే ఈ జంట కనిపిస్తుంది. ఇది వాక్యాన్ని బరువెక్కిస్తుంది, అందం తగ్గిస్తుంది. కానీ చట్టవాక్యంలో అందం కోసం ఒక పాఠకుణ్ణి వదిలేయడం న్యాయం కాదు. క్యూబెక్ ఆంగ్ల పాఠకుడు 'హైపోథెక్' వంటి వింత మాటలకు అలవాటు పడవలసి వచ్చిందన్నదీ గమనించదగింది. వింత భారం ఒక్క ఫ్రెంచి వైపే పడలేదు.

6. మూడు బాధ్యతలు, ఒక అభ్యంతరం

పై చర్చ నుంచి న్యాయానువాదకుడికి మూడు బాధ్యతలు తేలుతున్నాయి. భావన పట్ల బాధ్యత: ఉన్న హక్కును ఉన్నట్టు చెప్పడం. పాఠకుడి పట్ల బాధ్యత: అతనికి అందేలా చెప్పడం. భాష పట్ల బాధ్యత: దాని స్వభావాన్ని చెడగొట్టకుండా చెప్పడం. సాహిత్యానువాదంలో ఈ మూడింటి మధ్య రాజీ కుదుర్చుకోవడం నేర్పు. ఆస్తి పదాల విషయంలో మొదటిదానికి ప్రాధాన్యం ఇవ్వక తప్పదు. తెలిసిన మాటతో పొరపడ్డ పాఠకుడికి తాను పొరపడ్డ సంగతే తెలియదు. తెలియని మాట ఎదురైనవాడికి కనీసం తనకు తెలియదని తెలుస్తుంది. అడిగి తెలుసుకొనే ద్వారం తెరిచే ఉంటుంది. మొదటివాడికి ఆ ద్వారం మూసుకుపోయింది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. 'ఫియెఫ్ సేంప్ల్' అంటే సామాన్య అకాడియన్‌కు అర్థం కాదు, నిజమే. అయితే 'ఫీ సింపుల్' అంటే సామాన్య ఆంగ్లేయుడికి మాత్రం ఏం అర్థమవుతుంది? ఇద్దరూ న్యాయవాది దగ్గరికి పోవలసినవారే. ఇద్దరినీ సమానంగా అజ్ఞానంలో ఉంచడం కోసం ఇంత శ్రమ, ఇంత ప్రజాధనం ఎందుకు? సమానమైన అస్పష్టతను సమానత్వం అనవచ్చునా?

ఈ అభ్యంతరాన్ని తేలికగా తోసిపుచ్చలేము. ప్రామాణీకరణ జరిగిపోయింది గనుక భాషాన్యాయం కూడా జరిగిపోయిందని అనుకోవడం పొరపాటే. ఎవరూ విప్పి చెప్పని కొత్త మాట పరభాషా పదం కంటే మెరుగు కాదు. కానీ రెండు అస్పష్టతలూ ఒకటి కావు. తన భాషలోని తెలియని మాటను గురించి తన భాషలోనే అడగవచ్చు, వాదించవచ్చు, తప్పుపట్టవచ్చు, మార్చమని కోరవచ్చు. తీర్పు చదివిన పొరుగువాడు, బడిలో చదివే కూతురు, పత్రికలో రాసే విలేకరి ఆ మాటను క్రమంగా సమాజపు మాటగా మార్చగలరు. పరభాషలోని మాటకు ఆ పరిణామం లేదు; అది నిపుణుల చేతిలోనే ఉండిపోతుంది. కాబట్టి వింతైన మాటను ఎంచుకొనే హక్కు దానికి అర్థం నేర్పే బాధ్యతతో ముడిపడి ఉంది. ఆ బాధ్యత అనువాదకుడిది మాత్రమే కాదు. బడి, న్యాయస్థానం, రిజిస్ట్రేషన్ కార్యాలయం, ప్రభుత్వం దాన్ని పంచుకోవాలి. మాంక్టన్‌లో పరిభాషా కేంద్రం, న్యాయ కళాశాల ఒకే ప్రాంగణంలో ఉండడంలోని ఔచిత్యం ఇదే.

పాల్ రికర్ అనువాదాన్ని భాషాపరమైన ఆతిథ్యంగా భావించాడు. పరాయిమాటకు తన ఇంట చోటిచ్చి, తాను పరాయిమాట ఇంట ఉండడం అందులోని ఆనందం. ఆస్తి పదాల విషయంలో ఆ భావనకు ఒక సవరణ అవసరం. అతిథి మర్యాద ఎంత చేసినా ఇంటివాడు ఎవరో, అతిథి ఎవరో స్పష్టంగా ఉండాలి. చిక్కల్లా అకాడియన్ తన నేల మీద ఇంటివాడు. అతని హక్కు భాష మాత్రం అతన్ని అతిథిగా చూసింది.

7. రెండు భాషలకు వెలుపల

ఆంగ్ల, ఫ్రెంచి పదాల మధ్య న్యాయం గురించి ఎంత మాట్లాడినా, ఆ నేల మీద తొలి మాటలు ఈ రెండు భాషలవీ కావు. బ్రిటిష్ కొలంబియాలోని గిత్‌క్సన్, వెట్‌సువెటెన్ ఆదివాసులు తమ నేలల మీద హక్కు కోరిన డెల్గమూక్ వ్యాజ్యంలో కెనడా సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. ఆదివాసీ భూహక్కు దానికదే ప్రత్యేకమైన జాతి అనీ, కామన్ లా ఆస్తి సూత్రాలతో మాత్రమే దాన్ని పూర్తిగా వివరించలేమనీ గుర్తించింది. గిత్‌క్సన్‌ల 'అదాఅక్' వంటి మౌఖిక సంప్రదాయాలకు సాక్ష్యంగా తగిన విలువ ఇవ్వాలని చెప్పింది. పాటలో, కథనంలో, సభలో నిలిచిన హక్కును విచారణ న్యాయస్థానం తగినట్టు వినలేదన్నది ఆ తీర్పు సారాంశాల్లో ఒకటి.

న్యాయానువాదానికి ఇది ఒక హద్దును చూపుతుంది. ఆంగ్లం నుంచి ఫ్రెంచికి పోయేటప్పుడు కనీసం రెండు వైపులా దస్తావేజు, శాసనం, నిఘంటువు ఉన్నాయి. ఇక్కడ ఒక వైపు పాట ఉంది. దాన్ని 'టైటిల్' అనడం కూడా అనువాదమే. ఆ అనువాదంలో మిగిలేది ఎంత, రాలిపోయేది ఎంత అన్నది న్యాయస్థానం తన పరిభాషలో చెప్పలేదు. సమానార్థకం లేనిచోట లేదని ఒప్పుకొని, ఆ హక్కు ప్రత్యేకమైనదని పేరు పెట్టకుండా ఆగడం ఒక్కోసారి ఉత్తమమైన అనువాదం.

8. తెలుగు వైపు నుంచి

ఈ చర్చకు తెలుగుతో నిజమైన సంబంధం ఉంది. 13వ శతాబ్దంలో కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేసినప్పుడే న్యాయానువాదం తెలుగులో కావ్యభాషతో కలిసి నడిచింది. ఆధునిక కాలంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం కామన్ లా పదాలను తెలుగు నేలకు తెచ్చింది. ఆ చట్టం తనఖాలను వర్గీకరిస్తూ హక్కునే బదలాయించే పద్ధతికి 'ఇంగ్లీషు తనఖా' అని పేరు పెట్టింది. పరాయిదాన్ని పరాయిదనే చెప్పిన ఆ నిజాయితీ ఫ్రెంచి 'ఇపోతెక్'‌లో కనిపించదు. మరోవైపు 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కారణంగా తెలుగులో 'ఎస్టేటు' అంటే జమీందారీ ప్రాంతమన్న అర్థం పాదుకొంది. కాలంతో కొలిచే హక్కు అన్న అర్థాన్ని ఆ మాటతో చెప్పబోతే తెలుగు పాఠకుడు తప్పక పొరపడతాడు. 'ఫియెఫ్' ఫ్రెంచివారికి ఎటువంటిదో, 'ఎస్టేటు' తెలుగువారికి అటువంటిది.

తెలుగు ఊరైన యానాం ఇదే ప్రయాణాన్ని ఎదురు దిశలో చేసింది. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండి, 1962లో చట్టబద్ధంగా భారత్‌లో విలీనమై, 1968 నాటి చట్టంతో పలు భారతీయ చట్టాల పరిధిలోకి వచ్చింది. ఫ్రెంచి నోటరీ పత్రాల భాష నుంచి ఆంగ్ల దస్తావేజుల భాషకు అక్కడి ఆస్తి వ్యవహారం మళ్లింది. ఆ రెండింటి నడుమ ఇంట్లో మాట్లాడిన తెలుగు ఎక్కడ నిలిచిందన్నది పరిశోధకులు పట్టించుకోవలసిన విషయం.

భారత రాజ్యాంగం 348వ అధికరణం ఉన్నత న్యాయస్థానాల భాషగా ఆంగ్లాన్ని నిలిపింది. రాష్ట్ర శాసనసభ తన భాషలో చట్టం చేసినా, గవర్నరు అధికారంతో ప్రచురించిన ఆంగ్లానువాదాన్నే ప్రామాణిక పాఠంగా భావిస్తారు. మూలం తెలుగులో ఉన్నా ప్రామాణ్యం అనువాదానిదే. కెనడాలో అనువాదం మూలంతో సమానమైంది. ఇక్కడ మూలమే అనువాదానికి లోబడింది. ఆ తేడా వల్ల తెలుగు న్యాయపదాల్లోని పొరపాట్లకు శిక్ష పడదు. అందుకే వాటిని సరిదిద్దాలన్న ఒత్తిడి కూడా ఏర్పడలేదు. తీర్పుకు ఆధారం కాని మాటను పదును పెట్టవలసిన అవసరం ఎవరికీ తోచదు.

ముగింపు

ఆస్తి పదం మాటలోనే ఉండే వస్తువును నిలబెడుతుంది. కాబట్టి దాని అనువాదం వర్ణన కాదు, ఒక విధంగా నిర్మాణం. పరిచయమైన మాట పొరపాటుకు దారితీసేచోట వింతైనా నిజం చెప్పే మాటను ఎంచుకోవడం అనువాదకుడి ధర్మం. ఆ మాటకు అర్థం నేర్పడం సమాజ ధర్మం. మొదటిది చేసి రెండోది మరచిన చోట ప్రామాణీకరణ పదకోశానికే పరిమితమవుతుంది. సమానార్థకమే లేదని ఒప్పుకోవలసిన చోటు మూడోది. అక్కడ వినయమే ధర్మం.

జీవితకాలపు హక్కుతో తన ఇంట్లో ఉన్న ఆ భర్త పోయిన స్త్రీ, ఈ ఇల్లు నాదేనా అని తన భాషలో అడిగినప్పుడు, ఆమె భాషలోనే తప్పులేని జవాబు దొరకాలి. న్యాయానువాదం సఫలమైందో లేదో తేల్చే గీటురాయి అదే.